వృక్షములపై ప్రయోగములు: సర్కారుతుమ్మ చెప్పు పాఠము

హాలియా నుండి మిర్యాలగూడకు పోవు బాటలో సాగరు ఎడమకాలువ గట్లను, చెరువు శిఖములను, బీళ్లను చూచుచు పోవువారికి ఒక ముళ్లచెట్టు విడువక తోడు వచ్చును. మన ప్రజలు దానికి పెట్టిన పేరు సర్కారుతుమ్మ. ప్రొసోపిస్ జూలిఫ్లోరా యని శాస్త్రజ్ఞులందురు. అది ఈ నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండమునుండి వచ్చినది. 1877లో ఆంగ్లప్రభుత్వపు అటవీశాఖవారు కడప మండలమున కమలాపురము ప్రాంతమందు దాని విత్తనములు చల్లించిరి. బంజరు పచ్చబడును, వంటచెరకు దొరకును అను సదుద్దేశముతోనే ఆ పని జరిగెను. నాటినవారు గతించిరి. వారి ప్రభుత్వము తొలగెను. చెట్టు మాత్రము తొలగలేదు. నరికినకొలది చిగిర్చుచున్నది, గొఱ్ఱెలు మేకలు తిన్న కాయలనుండి గట్టుగట్టునకు ప్రాకుచున్నది.

ఈ చెట్టు వలన మేలు లేకపోలేదు. పేదల పొయ్యిలో మండినది, బొగ్గుబట్టీలకు కూలి కల్పించినది అదియే. కాని చెరువు శిఖములు దానిపాలైనవి, పశువుల మేతబీళ్లు మాయమైనవి, ఒక ఎకరము చెలకను దాని వేళ్లనుండి విడిపించుటకు రైతు వెచ్చించు సొమ్ము పంటలో తిరిగి రాదు. ఇన్ని తరములు గడచినను ప్రజలు ఒక సంగతిని మరువలేదు. చెట్టును నాటినవారెవరో ఆ చెట్టు పేరులోనే వ్రాసి పెట్టుకొనిరి. ఊరివారిని అడుగక పైనుండి వచ్చిన చెట్టు గనుక అది ఎన్నటికిని ఊరి తుమ్మ కాలేదు; సర్కారుతుమ్మగానే నిలిచినది.

నేడు ఈ పాతకథను తలచుకొనుటకు కారణము కలదు. జన్యువులను మార్చిన వృక్షములను ప్రపంచమున పలుచోట్ల బయటి నేలలో నాటి పరీక్షించుచున్నారు. మన దేశమునను అట్టి పరీక్ష మొదలైనది. జన్యుమార్పు పొందిన ఆవాలవిషయమున 2024 జూలై 23వ తేదీని సుప్రీంకోర్టున ఇరువురు న్యాయమూర్తులు ఆ యనుమతి చెల్లునా చెల్లదా యని భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి గాని, ఇట్టి పంటలకు దేశమంతటికిని ఒక జాతీయ విధానము ఉండవలెనని, దానిని సంబంధించిన వారందరితో సంప్రదించి రూపొందింపవలెనని ఏకాభిప్రాయమున చెప్పిరి. సంబంధించినవారనగా ఎవరు? నల్లగొండ మండలపు బత్తాయితోటవాడు ఆ లెక్కలోనికి వచ్చునా? మేమడుగుచున్న ప్రశ్న ఇదియే.

ముందుగా విషయమును తేటపరచెదము. ప్రతి జీవకణమునందును వంశలక్షణములను మోయు సూక్ష్మాంశములు కలవు; వానికి జన్యువులని పేరు. మన తోటమాలులు అంటు కట్టునప్పుడు ఒక చెట్టు వేరును, మరియొక చెట్టు కంటిని కలుపుదురు. జన్యువులు మాత్రము దేనివి దానివే. సంకరము చేయువారు పూతను పూతతో కలుపుదురు; అది దగ్గరి చుట్టములకే సాధ్యము. జన్యుపరివర్తనమున ఆ కట్టుబాటు లేదు. మట్టిలోని సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలోనికి, గోధుమ జన్యువును అడవిచెట్టులోనికి, పాలకూర జన్యువును నారింజలోనికి ప్రవేశపెట్టవచ్చును. ఇది స్వతః పాపము కాదు, పుణ్యమును కాదు. విద్య మాత్రమే. ఏ విద్యయైనను ఎవరిచేత, ఎవరి నేలలో, ఎవరి సమ్మతితో, ఎవరి పూచీపై ప్రయోగింపబడుచున్నదో దానినిబట్టి మంచిచెడ్డలు నిర్ణయమగును.

మన దేశమున ఈ విషయమై చట్టము లేకపోలేదు. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము పుట్టెను. దాని క్రింద 1989 డిసెంబరులో జన్యుపరివర్తిత జీవులను గూర్చిన నియమములు వెలువడెను. వాని ప్రకారము ప్రయోగము జరుపు సంస్థలోనే ఒక సంఘము, ఢిల్లీలో జీవసాంకేతిక శాఖ క్రింద పరిశోధనలను పరిశీలించు సంఘమొకటి, పర్యావరణ మంత్రిత్వశాఖ క్రింద అంతిమానుమతి నొసగు సంఘమొకటి ఏర్పడినవి. ఈ కడపటి దానికి మొదట జన్యు ‘అనుమతి’ సంఘమని పేరు. 2010లో దానిని ‘మదింపు’ సంఘమని మార్చిరి. బయటి పొలములలో జరుపు పరీక్షలకు సయితము కొలతలు కలవు. మొదటి అంచెలో ఒక్కొక్కచోట ఎకరమునకు మించరాదు. రెండవ అంచెలో రెండున్నర ఎకరములకు మించరాదు. 2011 నుండి రాష్ట్రప్రభుత్వపు సమ్మతిపత్రము కూడ ఉండవలెనను ఏర్పాటు వచ్చెను.

ఇదిగాక ఆ నియమములలోనే రాష్ట్రమునకు ఒక సంఘము, అవసరమైనచోట జిల్లాకు ఒక సంఘము ఉండవలెనని కలదు. జిల్లా సంఘమునకు కలెక్టరు అధ్యక్షుడు. కర్మాగారముల తనిఖీదారుడు, కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి, వైద్యాధికారి, వ్యవసాయాధికారి మున్నగువారు సభ్యులు. ఈ పట్టికను మేము జాగ్రత్తగా చదివితిమి. కర్మాగారమును తనిఖీ చేయువానికి అందులో స్థానము కలదు. పొలము దున్నువానికి లేదు. పరీక్ష జరుగునది కర్మాగారమున కాదు గదా! పొరుగువాని తోటకు గట్టు మాత్రమే అడ్డుగా గల పొలమున జరుగును. మూడు దశాబ్దములు దాటినను ఈ లోపమును ఎవరును పూరింపలేదు. కలెక్టరు కార్యాలయమున ఇట్టి సంఘమొకటి ఉండవలసియున్నదని ఎరిగిన రైతు నల్లగొండ మండలమున వేయిమందిలో ఒక్కడైనను ఉండునా యని మా సందేహము.

ఈ లోపము ఎంతటి అనర్థమునకు దారితీయునో ప్రత్తి మనకు నేర్పినది. 1998లో పురుగును తట్టుకొను ప్రత్తిని దేశమున అనేక రాష్ట్రములలో రైతుల పొలములలోనే పరీక్షించిరి. పూర్వము హైదరాబాదు సంస్థానములోనిదైన రాయచూరు జిల్లాలో, తన చేలో నాటినదేమో తనకు తెలియదని ఒక రైతు బహిరంగముగా చెప్పెను. ఆ నవంబరులో కర్ణాటక రైతుసంఘమువారు అట్టి క్షేత్రములను తగులబెట్టిరి. ఆ పనిని మేము సమర్థింపము. కాని ఆ మంటకు మొదటి నిప్పురవ్వ ఎవరు వేసిరి? పొలమిచ్చిన వానికే నిజము చెప్పక పరీక్ష జరిపినవారు గాదా? అంతకు ముందుటేడే వరంగల్లు ప్రాంతమున పురుగు ప్రత్తిని నాశనము చేయగా అప్పులపాలైన రైతులు ప్రాణములు తీసికొనుచున్న దినములవి. అట్టి సమయమున నిజము చెప్పి, నమ్మకము కలిగించి పరీక్ష జరిపియుండిన రైతు చేతులు జోడించి స్వాగతము చెప్పియుండెడివాడు.

తరువాత జరిగినది మరింత విచిత్రము. 2001లో గుజరాతున అనుమతి లేని ఇట్టి ప్రత్తి వేలాది ఎకరములలో కాచియుండుట బయటపడెను. దానిని పెరికి కాల్చుడని ఢిల్లీనుండి ఆజ్ఞ వెడలెను. ఆజ్ఞ చేరునప్పటికి రైతులు ప్రత్తి ఏరి అమ్ముకొనుచుండిరి. ఆరు మాసములు గడువకముందే, 2002 మార్చి 26న, అధికారపూర్వకముగా మూడు వంగడములకు అనుమతి లభించెను. ఆ మూడింటిని మన రాష్ట్రమున అమ్మరాదని 2005లో ఆ సంఘమే నిలుపవలసివచ్చెను. విత్తనపు ధర వేరొక కథ. 450 గ్రాముల పొట్లమున 1250 రూపాయలు జన్యువుపై హక్కుదారుకే పోవుచుండెను. నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నెదుట వాదించి, 2006లో పొట్లము ధరను 750 రూపాయలకు దింపించెను. ఒక రాష్ట్రప్రభుత్వము రైతుపక్షమున నిలిచిన ఆ ఘట్టమును మేము సంతోషముతో స్మరింతుము. ఐనను ఏ పురుగునకై ఇంత సొమ్ము ధారపోసితిమో ఆ జాతిలోని గులాబిరంగు పురుగు మొదటి జన్యువును జయించెనని 2010లో ఆ సంస్థయే ఒప్పుకొనెను. అనంతరము రెండవదానిని కూడ జయించెను.

మన కన్నుల యెదుట జరిగిన కథ ఇంకొకటి కలదు. గడ్డిమందును తట్టుకొను ప్రత్తికి దేశమున వ్యాపారానుమతి ఎన్నడును ఈయబడలేదు. ఐనను ఊరూర బీజీ-3 అను పేరుతో ఆ విత్తనము దొంగచాటుగా అమ్ముడుపోయెను. 2017లో కేంద్రప్రభుత్వము దీనిపై విచారణసంఘము నియమింపగా, మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఆ ప్రత్తి ఉన్నట్లు తేలెను. చీటీ లేని పొట్లము, రసీదు లేని అమ్మకము, మొలకెత్తకున్న అడుగు దిక్కులేని రైతు. ప్రయోగశాలనుండియో, పరీక్షక్షేత్రమునుండియో, పరదేశమునుండియో అది ఎట్లు బయటికి వచ్చినదో నేటివరకు ప్రజలకు ఎవరును స్పష్టముగా చెప్పలేదు. చట్టము రాజమార్గమున నడచుచుండగా విత్తనము పొలముగట్లవెంట పరుగెత్తి ముందే ఊరు చేరినది.

ప్రత్తి ఆరేడు మాసముల పంట. తప్పు జరిగినచో ఏరి, కట్టె పెరికి, కాల్చి, మరుసటి ఏడు మరియొక విత్తనము వేసికొనవచ్చును. చెట్టు సంగతి అట్లు కాదు. అది పూతకు వచ్చుటకే ఏండ్లు పట్టును. దాని పుప్పొడి గాలిని, తేనెటీగను పట్టి ఎంతదూరము పోవునో, వేరు మట్టిలోని జీవకోటితో ఏ పొందు పెట్టుకొనునో, ఇరువది ఏండ్ల తరువాతి కరవునకు, చీడకు ఆ జన్యువు ఎట్లు మారుపలుకునో రెండు మూడు ఏండ్ల పరీక్షలో తెలియదు. పరీక్ష జరిపించిన అధికారి నాలుగుచోట్లకు బదిలీయై విశ్రాంతి వేతనము పుచ్చుకొను నాటికి గాని చెట్టు తన గుణమును పూర్తిగా చెప్పదు. మనిషి ఆయువుకన్న చెట్టు ఆయువు పెద్దది. మంత్రిపదవి ఆయువుకన్న మరింత పెద్దది.

మన ప్రాంతమునకు వత్తము. నల్లగొండ మండలమునకు బత్తాయి కల్పవృక్షము. తెలంగాణమున బత్తాయికి పేరుపడిన మండలము ఇదియే. కాలువ నీరు ఎక్కని మెట్టపొలములలో బావులు త్రవ్వి, బోర్లు వేసి, నీరు చాలనియెడ టాంకర్లతో తెచ్చిపోసి రైతులు ఈ తోటలను బిడ్డలవలె పెంచుకొన్నారు. సాత్‌గుడి బత్తాయి కంటిని రంగపూరు నిమ్మ మొక్కపైననో జంబేరి మొక్కపైననో అంటుగట్టి నాటుదురు. కాపు చూచుటకు నాలుగైదేండ్లు వేచియుందురు. ఈ జాతి చెట్లకు ప్రపంచమంతట గ్రీనింగను తెగులు మృత్యువువలె దాపురించినది. 2005లో ఆ తెగులు అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున బయటపడెను. రెండు దశాబ్దములు తిరుగకముందే అక్కడి నారింజ దిగుబడిలో పదింట తొమ్మిది వంతులు తగ్గిపోయెను. దీనికి విరుగుడుగా పాలకూర జన్యువును నారింజచెట్టులో నిలిపి అక్కడ తోటలలో పరీక్షించిరి. రేపు అట్టి విరుగుడు ఫలించి మన దేశమునకు రావచ్చును. వచ్చిన బత్తాయిరైతు దానిని ఆశతో చూచుట సహజము. కాబట్టి ఇది మనకు దూరపు ముచ్చట కాదు.

ఇచటనే ఒక సూక్ష్మము కలదు. ప్రత్తికి విత్తనపు పొట్లము కావలెను. అంటుచెట్టునకు ఒక పుల్ల చాలును. పరీక్షాక్షేత్రమునుండి జేబులో పెట్టుకొని తెచ్చిన జానెడు కొమ్మపై పది కన్నులుండును. అంటుకట్టు నేర్పరి చేతిలో అవి పది మొక్కలగును. నర్సరీలో రెండేండ్లకు వందలగును. ఆ నర్సరీ మొక్క ఏ తల్లిదో కొన్నవానికి ఆకు చూచి తెలియదు, కాయ చూచి తెలియదు. బీజీ-3 పొట్లమును పట్టుకొనలేకపోయిన ప్రభుత్వము పుల్లను పట్టుకొనగలదా? ఢిల్లీలోని నియమములు పుప్పొడి ఎంతదూరము పోవునని లెక్కించుచున్నవి. పుల్ల ఎంతదూరము పోవునో లెక్కించుటలేదు. మా యాక్షేపణలో ప్రధానాంశము ఇదియే.

ఇది ఊహ కాదు. థాయ్‌లాండు దేశమున ఖోన్‌కేన్ నగరమునందలి ప్రభుత్వ పరిశోధనాక్షేత్రమున జన్యుమార్పు గల బొప్పాయిని పరీక్షించుచుండిరి. అమ్మకమునకు అనుమతి లేదు. ఐనను ఆ క్షేత్రమునుండి రైతులకు అమ్మిన విత్తనములలోనే అది కలసిపోయిన సంగతి 2004లో బయటపడెను. కంచె వేసినవారే గేటు తెరచిరన్నమాట. అదే బొప్పాయి హవాయిద్వీపమున వేరొక ఫలితము నిచ్చెను. అక్కడ 1992లో పూనా ప్రాంతపు తోటలకు మచ్చతెగులు సోకి రైతులు దివాళా తీయుచుండగా, విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొను బొప్పాయిని తయారుచేసి, పరీక్షించి, 1998లో రైతులకు పంచిపెట్టిరి. తోటలు నిలిచినవి. మార్పు లేని బొప్పాయిని పండించుకొనువారు పొరుగు పుప్పొడివలన ఇక్కట్లు పడిన మాటయు నిజమే. ఒకే చెట్టు, రెండు దేశములు, రెండు కథలు. భేదము జన్యువులో లేదు; పరీక్షను నడపిన తీరులో కలదు.

సదుద్దేశమున్నను పొరపాటు ఎట్లు దూరునో చెప్పుటకు అమెరికాలోని చెస్ట్‌నట్ వృక్షపు కథను మించినది లేదు. 1904లో న్యూయార్కున కనబడిన శిలీంధ్రపు తెగులు ఆ జాతి చెట్లను కోట్లసంఖ్యలో చంపి అడవులను పాడుపెట్టెను. లాభాపేక్ష లేని శాస్త్రజ్ఞులు గోధుమ జన్యువుతో దానిని బ్రతికింప యత్నించి, ‘డార్లింగ్ 58’ అను వంశమును సృష్టించి, 2020లో స్వేచ్ఛగా నాటుటకు ప్రభుత్వానుమతి కోరిరి. 2023 డిసెంబరులో తేలినదేమి? ఏండ్ల తరబడి పరీక్షించినది, పెంచినది 58 కాదు, 54 అట! పేరుచీటీలు తారుమారైనవి. చెట్ల ఎదుగుదలయు ఆశించినట్లు లేదని, ఇంతకాలము వెన్నుకాచిన చెస్ట్‌నట్ సంఘమే మద్దతు విరమించుకొనెను. ఆ సంఘము తన పొరపాటును తానే లోకమునకు చాటినది, అందుకు నమస్కరింపవలసినదే. అంతటి విద్యావంతుల చేతనే ఒక చెట్టు మరియొక చెట్టుగా చెల్లుబాటైనప్పుడు మన నర్సరీలలో పేరుచీటీని నమ్ముటెట్లు?

చీనాదేశమువారు 2002లోనే పురుగును తట్టుకొను పోప్లార్ చెట్లకు అనుమతినిచ్చి విరివిగా నాటిరి. బ్రెజిల్ దేశము త్వరగా ఎదుగు జామాయిల్ చెట్టుకు 2015 ఏప్రిల్‌లో అనుమతినిచ్చెను. అంతకు ఒక నెలముందు భూమిలేని రైతుకూలీ స్త్రీలు వందలాదిగా వెళ్లి ఆ మొక్కలను ధ్వంసముచేసిరి. తమ నీరు ఇంకిపోవునని, తేనె అమ్ముడుపోదని వారి భయము. జామాయిల్ మనకు కొత్త కాదు. భద్రాచలము కాగితపు మిల్లుకై ఎంపికచేసిన మేలిరకపు జామాయిల్ మొక్కలను వేలాది రైతులు నాటుకొని లాభపడిరి. అవి జన్యుమార్పు పొందినవి కావు. ఒకే తల్లికొమ్మనుండి తీసిన కవలలు మాత్రమే. ఐనను ఆకులపై బుడిపెలు కట్టించు సన్నని పురుగు పరదేశమునుండి వచ్చినప్పుడు, కవలలన్నిటికిని ఒకే బలహీనతయైనందున, వరుసలకు వరుసలే దెబ్బతినెను. వేయిచెట్లు ఒకే చెట్టైనప్పుడు ఒక్క చీడ వేయింటిని పట్టును.

మన దేశపు వృక్షపరీక్షను గూర్చి చెప్పవలెను. కొట్టాయములోని రబ్బరు పరిశోధనాసంస్థవారు చలిని, అనావృష్టిని తట్టుకొను జన్యుమార్పు గల రబ్బరుమొక్కను తయారుచేసిరి. 2010లో కేంద్రసంఘము అనుమతినిచ్చినను కేరళ ప్రభుత్వము తన గడ్డపై పరీక్షకు సమ్మతింపలేదు. కడకు 2021 జూన్‌లో అస్సామున గౌహతి చెంత సరుతరి క్షేత్రమున దానిని నాటిరి. రబ్బరు అమెజాను అడవులది గనుక అచట దానితో కలియు దాయాదిజాతులు లేవని శాస్త్రజ్ఞుల వాదము. అది సబబైన వాదమే. చేర్చిన జన్యువును రబ్బరుచెట్టుదే. ప్రభుత్వసంస్థ చేతిలో, ప్రభుత్వ క్షేత్రమున జరుగుచుండుట మెచ్చదగినది. కాని రబ్బరు పాలు తీయుటకే ఆరేడేండ్లు పట్టును. ఆ ఫలితములను ఏటేట ప్రజల యెదుట పెట్టుచుందురా యనునదే ఆ పరీక్షకు అసలు పరీక్ష.

మేము విజ్ఞానమునకు వ్యతిరేకులమని ఎవరైన తలంతురేమో. అట్లు కాదు. ఈ మండలపు వడ్లపంటయే విజ్ఞానపు బిడ్డ. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిన తరువాత, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబమసూరి ఈ ఆయకట్టును అన్నపూర్ణగా చేసెను. ఆ సాంబమసూరిలోనే జన్యువును సవరించి, రాజేంద్రనగరములోని వరిపరిశోధనాసంస్థవారు చేసిన ‘కమల’ అను వంగడమును 2025 మే నెలలో కేంద్రమంత్రి ప్రకటించెను. ఇతరజీవుల జన్యువు చేర్పని ఇట్టి సవరణలకు 2022 మార్చిలోనే 1989 నియమములనుండి మినహాయింపు లభించెను. దీనిలో మేలుండవచ్చును. కాని నియంత్రణము సడలుచున్నకొలది సమాచారము విరివియగుచుండవలెను. రెండును కలసి తగ్గుట ప్రజాస్వామ్యమునకు తగదు.

పరీక్షాస్థలములను బహిరంగపరచిన దుండగులు వచ్చి పెరికివేయుదురని, కాబట్టి రహస్యము అవసరమని కొందరందురు. రహస్యముగా జరిపిన 1998 పరీక్షలే గదా తగులబడినది! దానికి మారుగా 2010 సంగతి చూడుడు. వంగపంటకు అనుమతి నిచ్చుటకు ముందు కేంద్ర పర్యావరణ మంత్రి ఏడు నగరములలో బహిరంగ విచారణ జరిపెను. హైదరాబాదు అందులో ఒకటి. రైతులు అరచిరి, శాస్త్రజ్ఞులు వాదించిరి, ఆయన అందరి మాటలు విని ఫిబ్రవరి 9న ఆ పంటను నిలిపివైచెను. ఆ నిర్ణయము అందరికి నచ్చకపోవచ్చును. కాని ఒక్క మొక్కకు హాని కలుగలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగులలేదు. మాట్లాడనిచ్చినచోట గొడ్డలి లేవదు. 2008లో బాన్ నగరమున కూడిన జీవవైవిధ్య సభ, జన్యుమార్పు వృక్షములవిషయమున ముందుజాగ్రత్త పాటింపవలెనని దేశములను కోరెను. ఆ సభయే 2012 అక్టోబరున మన హైదరాబాదులో కూడెను. లోకమునకు ఆతిథ్యమిచ్చిన గడ్డ తన రైతులకు ఒక కుర్చీ ఈయలేదా?

కావున మేము కోరునవి ఇవి. మొదటిది: ఏ గ్రామమున వృక్షపరీక్ష జరుపదలచిరో ఆ గ్రామసభలో తెలుగున విషయమును చదివి వినిపించి, ప్రశ్నలకు బదులుచెప్పి, ఆ తీర్మానమును రాష్ట్రప్రభుత్వపు సమ్మతికి జతపరుపవలెను. రెండవది: జిల్లా సంఘమున ఇద్దరు రైతులకు, ఒక తేనెపట్టు పెంచువానికి, ఒక నర్సరీవానికి స్థానము కల్పింపవలెను. మూడవది: పరీక్ష పూతకు, కాయకు, విత్తుకు వచ్చువరకు సాగవలెను, ముగిసిన పిదప చెట్లను వేళ్లతో తీయించి, మొలకలను మరికొన్నేండ్లు కనిపెట్టుటకు వలయు సొమ్మును ముందుగానే డిపాజిట్టు కట్టింపవలెను. నాలుగవది: ప్రతి చెట్టుకును, ప్రతి కొమ్మకును లెక్క ఉండవలెను, అంటుకొమ్మ బయటికి పోవుట విత్తనచౌర్యముతో సమానమైన నేరమని స్పష్టముగా వ్రాయవలెను.

ఐదవది పూచీ. 1986 చట్టమున అయిదేండ్ల ఖైదు, లక్షరూపాయల జరిమానా ఉండెడిది. 2023లో చేసిన జనవిశ్వాస చట్టము ఖైదును తీసివేసి పదివేలనుండి పదునైదు లక్షలవరకు అపరాధరుసుము మాత్రము నిలిపినది. పదునైదు లక్షలు పెద్ద సంస్థకు ఒకనాటి ఖర్చు. తోట చెడిన రైతుకు నష్టపరిహారము ఎవరు, ఎంత, ఎన్నాళ్లలో ఇత్తురో వ్రాయని విధానము సగము వ్రాసిన దస్తావేజువంటిది. సాక్షిసంతకములుండును గాని హద్దులుండవు.

మన చదువరులలో భూవసతి గలవారు పెక్కురు. వారికి ఒక్క మాట. ఇట్టి పరీక్షలు ఆకాశమున జరుగవు. ఎవరో ఒకరి పొలమును కౌలుకు తీసికొనియే జరుగును. మంచి కౌలు వచ్చుచున్నదని సంతకము చేయుటకు ముందు, నాటబోవునదేమో, అనుమతిపత్రమున్నదో లేదో, గట్టవతలి రైతుకు తెలియునో తెలియదో అడుగుడు. పట్టణవాసులారా! మీ ఇంటికి వచ్చు బత్తాయిరసము వెనుక ఎవరి పదేండ్ల కష్టమున్నదో తలచి, ఈ చర్చను ఢిల్లీ పండితులకే విడువకుడు. కణశాస్త్ర పరిశోధనాలయమును హైదరాబాదున నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ గారు అంతటి శాస్త్రజ్ఞులై యుండియు, 2008లో సుప్రీంకోర్టు పక్షమున అనుమతిసంఘమున కూర్చుండి, స్వతంత్ర పరీక్షలు లేనిదే అనుమతి కూడదని చెప్పుచు వచ్చిరి. విజ్ఞానాభిమానమునకు, ప్రశ్నించుటకు వైరము లేదని చూపిన మహనీయుడాయన.

హాలియాకు దక్షిణమున కృష్ణ దాటిన పల్నాడు. అక్కడ 1921లో అడవిలో పశువులు మేపుకొనుటకు పుల్లరి చెల్లింపవలెనన్న ప్రభుత్వమును రైతులు ఎదిరించిరి. 1922లో కన్నెగంటి హనుమంతు గుండ్లకు నేలకొరగెను. నాడు వారడిగినది అడవి తమకు రాసియిమ్మని కాదు. అడవిపై తమ మాటకును విలువ ఉండవలెనని. పరప్రభుత్వము ఆ మాట వినలేదు. స్వప్రభుత్వము వినునని గదా అంతటి త్యాగము జరిగినది!

సర్కారుతుమ్మను నాటిన దొరలు ఊరివారిని అడుగలేదు; అడుగవలెనను తలంపే వారికి లేదు. 2015 తరువాత హరితహారమున మన ప్రభుత్వమే కోనోకార్పస్ మొక్కలను బాటల ప్రక్క విరివిగా నాటించి, కొన్నేండ్లకే వానిని నాటవలదని ఆదేశింపవలసివచ్చెను. అవి జన్యుమార్పు చెట్లు కావు; తొందరపాటు చెట్లు. నాటుట ఒక పూట పని, తీయుట ఒక తరము పని యని రెండును నేర్పుచున్నవి. రేపు మన గట్లపై నిలువబోవు కొత్త వృక్షమును ప్రజలు ఏ పేరుతో పిలుతురో నేడు వ్రాయబోవు విధానమే నిర్ణయించును. అది మన తోటచెట్టు కావచ్చును. మరల మరియొక సర్కారుచెట్టు కావచ్చును. అడిగి నాటిన చెట్టుకే ఊరు నీరుపోయును.